దువ్వెనల బకెట్టు

హిందూపురం బోరునీళ్ళ సంగతి అక్కడ కాపురం చేసినవాళ్ళకే తెలుసు. చెంబు మీద, కుళాయి మీద, ఆఖరికి దువ్వెన పళ్ళ మీద కూడా తెల్లగా గార కడుతుంది. ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ నడుపుతున్న సల్మాకు అదొక పెద్ద తలనొప్పి. పైగా మర్నాడు పెనుకొండలో పెళ్ళి. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే పని ఆమెకు దొరకడం అదే మొదలు. అందుకే పొద్దున్నే దువ్వెనలూ బ్రష్షులూ బకెట్లో వేసి, నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాత్రూంలో నానబెట్టింది.

"ఊరందరి తలలు దువ్విన దువ్వెన్లు నేను నమాజుకు వజూ చేసుకునే చోట పెడతాండావా?" అంది అత్త ఖైరున్‌బీ.

"కాసేపే అత్తా. నానినాక తీసేస్తా."

"ఇంట్లో అంగడి పెడితే ఇట్లే ఉంటాది."

పార్లర్ పేరెత్తితేనే ఆ అత్తకు ఒళ్ళుమంట. ఇంతవరకూ ఆ గదిలో అడుగు పెట్టలేదు. సల్మా పిన్నులు కొనడానికి బజారుకు పోయింది.

తిరిగొచ్చేసరికి గడప దగ్గరే ముక్కు మండింది. మూసిన బాత్రూం లోపల ఎవరో దగ్గుతున్నారు. అంతలోనే ఆ దగ్గు కూడా ఆగిపోయింది. సల్మా చేతిలోని సంచి అక్కడే పడేసింది. కొంగు ముఖానికి చుట్టుకుని తలుపు నెట్టింది. ఖైరున్‌బీ గోడకు జారగిలబడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"అత్తా, కండ్లు తెరువత్తా. యల్లక్కా, ఆటో పిలువు."

పక్కింటి యల్లక్క సాయం పట్టింది. ఆటోలో అత్త తల ఒళ్ళో పెట్టుకుని సల్మా కొంగుతో విసురుతూ కూర్చుంది. నా చేతులతో నేనే చంపుకున్నానే అనే ఒక్క మాటే మనసులో తిరుగుతోంది.

యల్లక్క ఫోన్ చేస్తే, పట్టుగూళ్ళ మార్కెట్ నుంచి సల్మా భర్త ముబారక్ పరుగున ఆసుపత్రికి వచ్చాడు.

"ఏం కలిపినావు ఆ బకెట్లో?"

"బ్లీచింగే. ఇంకేమీ లేదు."

"మా అమ్మ ప్రాణం కంటే నీకు పార్లర్ ఎక్కువైందా? ఈ పొద్దే మూసెయ్."

సల్మా తలూపింది. అత్త బతికితే చాలు, ఏదైనా మూసేస్తుంది.

చాలాసేపటికి నర్సు ఇద్దర్నీ లోపలికి పిలిచింది. ఖైరున్‌బీ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుంది. గొంతు బొంగురుపోయింది.

"దాన్ని ఏమనద్దురా. బకెట్లో కక్కసు కడిగే ఆసిడ్ పోసింది నేనే."

బ్లీచింగ్‌లో ఆసిడ్ పడితే విషవాయువు పుడుతుందని ఆమెకు తెలియదు.

"ఎందుకత్తా?"

"నీ నీళ్ళకు గార వదల్లేదు. ఆసిడ్‌కు పోతాదని తలుపు దగ్గరికేసుకొని తోముతాంటి. పెండ్లోళ్ళు ఆ దువ్వెన్లు చూస్తే నీకు సిగ్గుచేటు కదా."

"నన్ను పిలిచింటే నేను తోముకునేదాన్ని కదత్తా."

"ఇన్నాళ్ళు తిట్టిన నోటితో, సాయం చేస్తానని ఎట్ల చెప్పేది?"

సల్మా అత్త చేతిని కళ్ళకు అద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముబారక్ తల్లికి మాస్కు సరిచేసి, భార్య వైపు చూడలేక తల దించుకున్నాడు.

"కొత్త దువ్వెన్లు నేను తెస్తాలే," అన్నాడు.