బూరుగు దూది బాలీసు

"ఆ బాలీసు జోలికి మాత్రం పోవద్దని చెప్పాను" అంది బుల్లెమ్మ, తెల్లవారిన దగ్గర్నుంచి నాలుగోసారి.

"నేనేం దాన్ని కొరుక్కు తిననత్తయ్యా. ఇరవై నిమిషాలు వీపు కింద పెట్టుకుని మళ్లీ మంచం మీద పెట్టేస్తాను" అంది రాజ్యశ్రీ, ఇడ్లీ రేకులు దించుతూ.

"మీ మావయ్య తల పెట్టుకున్న బాలీసది. దాని మీద నువ్వు వీపు ఆనిస్తావా?"

"పోనీ నేను కూడా తలే పెట్టుకుంటాలెండి!"

హాస్టల్ నుంచి ఆదివారానికి ఇంటికొచ్చిన కూతురు పద్మప్రియ కిసుక్కున నవ్వింది. ఉదయ్ భాస్కర్ పళ్లెంలోంచి తలెత్తకుండానే, "పండుకునేదానికి గూడ క్లాసు పెట్టిన్రంటే ఇంక లోకంల క్లాసు లేనిదేముంది? అమ్మా, నీకు తెల్వదు గాని మీ కోడలు పండుకోడంల పాసైతే సర్టిఫికెట్ ఇస్తరు" అన్నాడు.

అందరూ నవ్వారు. రాజ్యశ్రీ కూడా నవ్వినట్టే పెదవులు కదిపి, చట్నీ గిన్నె కాస్త గట్టిగానే బల్ల మీద పెట్టింది.

మాఘం వెళ్లిపోతోంది. తెల్లవారుజామున గోదారి మీంచి వచ్చే చలికి దుప్పటి వదలబుద్ధి కాదు, పది దాటేసరికి పెరట్లో కాలు పెట్టలేం. బూర్గంపాడు పొలిమేరలో మోదుగులు పూసి నాలుగు రోజులైంది. ఈ కాలం మార్పు రాజ్యశ్రీకి కొత్త కాదు. మధిర నుంచి కోడలిగా వచ్చాక ఇది ఇరవై నాలుగో మిరప కోత. కానీ ఈసారి కాలం బయట కంటే తన ఒంట్లోనే ఎక్కువ మారుతోంది. ఉన్నట్టుండి మెడ దగ్గర ఆవిరి లేచి ముఖమంతా కమ్ముకుంటుంది. చీర తడిసిపోతుంది. నిమిషంలో చలి. మూడు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. కారణం లేకుండా కోపం, అంతకన్నా కారణం లేకుండా ఏడుపు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి, వయసుతో వచ్చే మార్పేనంది. ఆ మాట విని తలూపిందే కానీ, తనకు మతి తప్పుతోందేమో అన్న భయం మాత్రం రాజ్యశ్రీని వదల్లేదు.

యోగా నేర్పే వనజ టేకులపల్లి వైపు అడవి పల్లె నుంచి వస్తుంది. ఊళ్లో మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగింటికి క్లాసు. ఒళ్లు వంచే ఆసనాలు కావవి. పొడుగాటి దిండు వీపు కింద, మోకాళ్ల కింద మడిచిన దుప్పట్లు, కళ్ల మీద తడిగుడ్డ. అలా ఊరికే ఉండిపోవాలి.

"ఊకె ఉండుడే కష్టమక్కా" అంది వనజ మొదటి రోజు. "మీరు ఈడ పండుకున్నరు గని మీ చెవులు ఇంకా మీ వంటింట్లనే ఉన్నయ్. వాటిని గూడ పిలుసుకోన్రి."

పోయిన శుక్రవారం ఆ చెవులు నిజంగానే వచ్చాయి. పది నిమిషాలు నిద్రపోయింది. లేచి, ఎందుకో తెలియకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంట్లో కూడా రోజూ చేసుకోమంది వనజ. క్లాసులో ఇచ్చే దిండు ఇంటికి తెచ్చుకోవడం కుదరదు. ఇంట్లో అంత పొడుగు, అంత గట్టి బాలీసు ఒక్కటే ఉంది. నడిమింట్లో పట్టెమంచం మీద, ఆరేళ్ల క్రితం పోయిన మామగారిది. బుల్లెమ్మ దాన్ని నెలకోసారి ఎండకు పెడుతుంది, గలీబు మారుస్తుంది, మళ్లీ మంచం మీద పెడుతుంది. మరెవర్నీ ముట్టనివ్వదు.

టిఫిన్లయ్యాక రాజ్యశ్రీ కల్లానికి వెళ్లింది. ఇంటి వెనకే కల్లం. ఎర్రగా పరుచుకున్న కాయల మధ్య ఆడవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్లకు పెద్ద దిక్కు జంపక్క, ఇరవై ఏళ్లుగా ఈ కల్లానికే వస్తోంది. రాజ్యశ్రీ కుర్చీలో కూర్చుంది, లేచింది, పట్టా సర్దింది, మళ్లీ కూర్చుంది.

"ఏందమ్మా, కూసున్నకాడ కూసుంటలేవు? చీమలు గిట్ల కుట్టినయా?" అంది జంపక్క.

"ఏం లేదు, ఎండ."

"ఎండ నా నెత్తిన కొడుతుంటే చెమట నీకు వోస్తుందేందమ్మా!"

రాజ్యశ్రీ కళ్లు మూల ఉన్న ఖాళీ గోతాల మీద పడ్డాయి. రెండు గోతాలు కలిపి బిగించి చుడితే అచ్చం బాలీసంత అవుతుంది! మందంగా ఉన్నవి రెండు ఏరి, గోడకేసి నాలుగుసార్లు దులిపి, ఇంట్లోకి పట్టుకెళ్లింది. చుట్టి, తాడు కట్టి, పైన ఉతికిన దుప్పటి చుట్టింది. ఇక ఎవరి బాలీసూ అక్కర్లేదు.

మూడు గంటలకు నడిమింటి తలుపు దగ్గరికి వేసింది. గడియ విరిగి చాలా కాలమైంది. గోతాల చుట్ట మీద వెన్ను ఆనించి కళ్లు మూసుకుంది. పాలు తోడు పెట్టానా? అంతలో తలుపు తోసుకుని బుల్లెమ్మ, "జీలకర్ర డబ్బా ఎక్కడ పెట్టావు?" రెండో నిమిషంలో పద్మప్రియ, "అమ్మా, నా చార్జరు చూశావా?" మళ్లీ కళ్లు మూసుకుంది. ఊపిరి లెక్కపెట్టింది. పదో ఊపిరికి భుజాలు దిగాయి. పదిహేనో ఊపిరికి కల్లంలో మాటలు దూరమయ్యాయి. అప్పుడు, ఎప్పటిలాగే, మెడ దగ్గర ఆవిరి లేచింది. ఒళ్లంతా చెమట. దుప్పటి తడిసింది. గోతాల నేతలో దాక్కున్న మిరప ధూళి ఆ తడి పట్టుకుని వీపుకి ఎక్కింది.

"అమ్మో!"

ఆ కేకకు ఇల్లు ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. రాజ్యశ్రీ వీపు ఎక్కడ ఆనించాలో తెలియక గది నాలుగు మూలలా తిరుగుతోంది. పద్మప్రియ చెంబుతో నీళ్లు తెచ్చి పోయబోతే, కల్లం నుంచి వచ్చిన జంపక్క గుమ్మంలోనే అరిచింది. "నీళ్లు వొయ్యకు బిడ్డా, ఇంకింత పాకుతది! పెరుగు తే జల్ది!"

బుల్లెమ్మ కోడల్ని పెరటి గదిలో పీట మీద కూర్చోబెట్టి, గిన్నెడు పెరుగూ వీపుకి పట్టించింది. "మిరపకాయల గోతం మీద పడుకున్నావా? ఇరవై నాలుగేళ్లుగా మిరప కల్లం చూస్తున్న మనిషివి!" అంటూ నవ్వు ఆపుకోలేకపోయింది. బయట జంపక్క కూడా నవ్వుతోంది. మంటలోనే రాజ్యశ్రీకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో, మోకాళ్ల మీద తల పెట్టుకుని భోరుమంది.

బుల్లెమ్మ చెయ్యి ఆగింది.

"మంట తగ్గలేదా?"

"అది కాదత్తయ్యా. రోజుకి పదిసార్లు ఇట్టాగే కాలిపోతున్నాను. నిద్ర లేదు. నాకు పిచ్చెక్కుతుందేమోనని భయంగా ఉంది. ఆ క్లాసులో ఒక్క పది నిమిషాలు... నేను మళ్లీ నాలాగే ఉన్నాను. అందుకే బాలీసు అడిగాను."

బుల్లెమ్మ పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాలుగున్నరకు పొలం నుంచి వచ్చిన ఉదయ్ భాస్కర్ సంగతి విన్నాడు. "ఇగ చాలు. రేపు కల్లంల అందరూ మనల్ని చూసి నవ్వుతరు. ఆ క్లాసు బంద్ చెయ్యి రాజ్యం. మిర్చి అయిపోనీ, తర్వాత చూద్దాం."

"మిర్చి తర్వాత ఏముందండీ?" అంది రాజ్యశ్రీ, గొంతు పెంచకుండానే.

"తర్వాత... మామిడి కాత."

"దాని తర్వాత దుక్కులు. తర్వాత విత్తనం. మొలకకి ఎప్పుడు నీడ కావాలో, కాయకి ఎప్పుడు ఎండ కావాలో మీకు రోజుతో సహా తెలుసు. నా ఒంట్లో కాలం మారుతోందంటే మాత్రం ఆగమంటారు. అది ఆగదండీ."

ఉదయ్ భాస్కర్ తల్లి వైపు చూశాడు, ఆవిడ తన పక్షాన మాట్లాడుతుందని. బుల్లెమ్మ పట్టెమంచం మీద కూర్చుని ఆ బాలీసు నిమురుతోంది.

"ఇది ఎవరిదనుకుంటున్నావురా?"

"నాన్నది."

"కాదు. నాది." ఆవిడ ఎవరి వంకా చూడలేదు. "నాకూ రాజ్యం వయసులో ఇట్టాగే వచ్చింది. చలికాలంలో కూడా కల్లాపికి పట్టిన నీళ్ల బకెట్టు నెత్తిన కుమ్మరించుకునేదాన్ని. మీ నానమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. మీ నాన్న ఒక్కరే, నిద్ర లేక మనిషి ఇట్టా అయిపోతోందని, పొలం పనికొచ్చే పగిడయ్యతో అడవి నుంచి బూరుగు దూది తెప్పించి, ఈ బాలీసు కుట్టించి, మధ్యాహ్నం కాసేపు పడుకోమన్నారు. అత్తగారి ఎదురుగా పగటిపూట నడుం వాలుస్తానా? సిగ్గుపడి చచ్చాను. ఒక్కరోజు కూడా పడుకోలేదు. చేయించింది వృథా అవుతుందని చివరికి ఆయనే తల కింద పెట్టుకున్నారు. అప్పట్నుంచి అది ఆయన బాలీసైపోయింది."

ఆవిడ గలీబు అంచు సర్దింది.

"నేను పడుకోలేనిది నా కోడలు పడుకుంటానంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. అంతే. దీంట్లో ఆయన మీద గౌరవం సగం, మిగతా సగం నా ఉక్రోషం" అంటూ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. రాజ్యశ్రీ వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది. పెరుగు వాసన వేస్తున్న చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

పొద్దు వాలాక కల్లంలో కాయల మీద పట్టాలు కప్పారు. అందరూ వసారాలో టీ తాగుతున్నారు. జంపక్క మెట్టు మీద కూర్చుని ఊదుకుంటూ తాగుతోంది. రాజ్యశ్రీ గుమ్మం దగ్గర నిలబడి, మరుసటి రోజు కూర సంగతి చెబుతున్నంత మామూలుగా అంది.

"మంగళ, శుక్రవారాలు నేను క్లాసుకి వెళ్తాను. మిగతా రోజులు నాలుగింటికి నడిమింటి తలుపు గంటసేపు వేసి ఉంటుంది. జీలకర్ర కానీ చార్జరు కానీ ఆ గంట తర్వాతే దొరుకుతాయి. అత్తయ్య కూడా నాతో పాటే లోపల ఉంటారు."

బుల్లెమ్మ టీ గ్లాసులోకి చూస్తూ తల ఊపింది.

"మరి కల్లం దగ్గర?" అన్నాడు ఉదయ్ భాస్కర్, కాస్త తగ్గి.

"నేనున్న గద సారూ. ఒక్క గంటల కాయలేడికి వోతయ్?" అంది జంపక్క.

పద్మప్రియ తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్లి, నడిమింటి తలుపు రెండుసార్లు వేసి తీశాడు.

"దీనికి గడియ లేదు" అన్నాడు అక్కడి నుంచే. "పొద్దున్నే పెట్టిస్త."