పొద్దున్నే సుత్తి చప్పుడు

పొద్దున ఎనిమిది కాలేదు, దశరథం సుత్తి అందుకున్నాడు. టంగ్, టంగ్, టంగ్. మందమర్రి కాలనీలోని క్వార్టర్ ముందు, రేకుల పందిరి కింద నిలబెట్టిన పాత ఫియట్ కారు బానెట్ మీద సొట్టలు తీస్తున్నాడాయన. లోపల బాలలక్ష్మి చాయ్ గిన్నె దించుతూ తల పట్టుకుంది. మోకాళ్ల నొప్పులు చాలవన్నట్టు ఈ మోత ఒకటి. ఆ కారు గుమ్మం ముందుకొచ్చిన నాటి నుంచి ఇంట్లో ఒక్క వంటగుడ్డ మిగల్లేదు, అన్నీ గ్రీసు గుడ్డలైపోయాయి.

దశరథం బొగ్గు గనిలో, ఊరి మాటలో బొగ్గుబాయిలో, ఫిట్టర్‌గా చేశాడు. నడుము పోయి, సర్వీసు ఇంకా ఉండగానే అన్‌ఫిట్ అయి, నౌకరి కొడుకు శ్రీహరికి ఇప్పించాడు. బొగ్గు ఊళ్లలో తండ్రి కొడుక్కిచ్చే ఆస్తి అదే మరి, పొలమా పుట్రా! ఆ తర్వాత ఆయనకు పొద్దు పోవాలి కదా. నస్పూర్‌లో ఎవరి షెడ్డులోనో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఫియట్‌ను ఇంటికి లాక్కొచ్చుకున్నాడు. ఇంజను విప్పి బిగించాడు, కార్బురేటర్ కడిగాడు, స్టీరింగ్ పక్కనే గేరు ఉండే ఆ బుజ్జి బండిని రోడ్డెక్కించాడు కూడా. ఇక మిగిలింది సొట్టలూ, రంగూ.

మెచ్చుకోవలసిన మనిషే. మెచ్చుకుందామంటే నోరు రాదు. బాయిలో మొదటి షిఫ్టు అలవాటు ఒంట్లోంచి పోక, పొద్దున్నే తయారై పనికి దిగుతాడు. సరిగ్గా అదే వేళకు నైట్ షిఫ్టు దిగొచ్చిన కొడుకు లోపల నడుం వాలుస్తాడు. పైగా మిషన్ల మోతలో దశరథం చెవులు సగం పోయాయి. ఆయనకు గుసగుసలా వినిపించేది ఇంటికి పిడుగు.

కోడలు మమతారాణి బయటికొచ్చింది. నిద్ర లేక ఆమె కళ్ల కింద కూడా నలుపు దిగింది.

"మామా, జర మెల్లగ కొట్టుండ్రి. ఆయన గిప్పుడే పండుకున్నడు."

"మెల్లగనే కొడుతున్న గద బిడ్డా! గిది చెక్క సుత్తి. దీనికేం సప్పుడైతది?"

"నీ చెవులు బాయిల పోయినయ్. మా చెవులు ఇంకా ఉన్నయ్," అని వంటింట్లోంచే అరిచింది బాలలక్ష్మి.

దశరథం నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, తలుపు దబాలున తెరుచుకుంది. శ్రీహరి లుంగీ ఎగగట్టి, ఎర్రటి కళ్లతో వచ్చి, తండ్రి చేతిలో సుత్తి లాక్కుని మురిక్కాలువలోకి విసిరేశాడు.

"బాపూ, నీకు దండం పెడుత! వారం అయితుంది నేను కన్ను మూసి. గీ డబ్బను తుక్కోనికి ఇచ్చెయ్. నువ్వియ్యకుంటే నేనే ఇస్త."

దశరథం మొహం మాడిపోయింది. "డబ్బనా? ముప్పై ఏండ్లు చీకట్ల మిషన్లు బాగుచేసినరా. గీ ఒక్కటి ఎండల చేసుకుంటున్న. అది గూడ నీ కండ్లల్ల పడ్డదా? నా నౌకరి నీకిచ్చిన. ఇంకేం కావాలె?"

"నౌకరి ఇచ్చినవ్. నిద్ర ఇయ్యలే."

"నేను చెయ్యలేదారా నైట్ షిఫ్టులు? నేను పండుకోలేదా గీ ఇంట్లనే?"

"ఎట్ల పండుకున్నవో అవ్వనడుగు!"

బాలలక్ష్మి మోకాళ్లు పట్టుకుంటూ గడప మీదికొచ్చింది. ఇన్నేళ్లు అననిది ఇప్పుడంటోంది కానీ, కోప్పడే ఓపిక కూడా ఆమెకు లేదు. అందుకే కోపం లేకుండానే అంది.

"నువ్వు పండుకుంటే మేం ఊపిరి బిగపట్టుకునేటోళ్లం. వీడు ఏడిస్తే ఎత్తుకోని ఎండల అవుతలి వాడకు పోతుంటి. పచ్చడి గూడ ఆ వాడల శంకరవ్వ ఇంట్లనే నూరుకొస్తుంటి. చేతిల గిన్నె జారితే నా పానం పోతుండె. వీనికి ఆటలు లేవు, దోస్తులు ఇంటికొచ్చుడు లేదు. బాపు పండుకున్నడు, నోరు ముయ్ బిడ్డా... గిదే వాని చిన్నతనం."

దశరథం భార్య వైపు తిరిగాడు. "నాకెన్నడు చెప్పలే," అన్నాడు. "మన ఇల్లే శాంతమైన ఇల్లనుకున్న."

"ఇల్లు శాంతంగ ఎట్లుంటదయ్యా, ఎవలో ఒకలు ఉంచకుంట?"

అప్పటిదాకా పెదవి కొరుక్కుంటున్న మమతారాణి ఇక ఆగలేకపోయింది. "దాస్తే నా వల్ల కాదు మామా. మొన్న రాత్రి ఆయన బాయిల బొగ్గు టబ్బులొచ్చే పట్టాల పక్కన నిలవడ్డకాడనే కునుకు తీసిండట. జోడి పనిచేసే ముత్యం అన్న కాలరు పట్టి గుంజకుంటే..."

"చెప్పొద్దన్న గదనే!" అని విసుక్కుని శ్రీహరి లోపలికి వెళ్లిపోయాడు.

దశరథం కారు బంపర్ మీద కూలబడ్డాడు. బొగ్గు నింపుకుని పట్టాల మీద దూసుకొచ్చే ఆ ఇనుప టబ్బులంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పట్టాల పక్కన కునుకు తీసినవాళ్లను పైకి తెచ్చినప్పుడు చూశాడు. ఆ పూటే వాళ్ల ఇళ్ల ముందు లేచిన ఏడుపులు విన్నాడు. సుత్తి కోసం కాలువ వైపు చూడనైనా లేదు. నా చేతులతోనే నా కొడుకును టబ్బుల కిందికి తోసేస్తుంటినా అనుకుని, గ్రీసు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఇల్లంతా సద్దుమణిగింది. అయినా కాసేపటికి శ్రీహరి మళ్లీ బయటికొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఏమైందిరా? సప్పుడు బంద్ చేసిన గద!"

"ఇగ కొడుతడు, ఇగ కొడుతడని చెవి ఈడనే ఉంటుంది బాపు. నిద్ర రావట్లే." ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు, అలసట తప్ప.

దశరథం లేచి కారు వెనక తలుపు తీశాడు. "లే. వచ్చి పండుకో."

"యాడికి?"

"యాడికీ లేదు. నడ్పుతనే ఉంట. నువ్వు పండుకో."

శ్రీహరికి వాదించే శక్తి లేదు. మమతారాణి మెత్త తెచ్చి తల కింద పెట్టింది. అత్తను ముందు సీట్లో కూర్చోమని, తాను లోపలికెళ్లి మంచం మీద వాలిపోయింది. పాపం, ఆమెకు కూడా వారం నిద్ర బాకీ ఉంది.

చోక్ లాగితే ఫియట్ గురగురమంటూ లేచింది. దశరథం గతుకు గతుకుకూ వేగం తగ్గిస్తూ, మంచిర్యాల దాటి లక్షెట్టిపేట రోడ్డు పట్టాడు. రెండు వైపులా వరి, లేత ఎండ. రంగు చూసి నవ్విన వాళ్లు నవ్వారు, బండి మాత్రం ఒకే తీరుగా పోతోంది. అద్దంలో చూస్తే వెనక సీట్లో కొడుకు మోకాళ్లు ముడుచుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. వీడు ఇలా పండుకుంటాడా! వీడు పడుకునే వేళకు తాను బాయిలో ఉండేవాడు. తాను పడుకునే వేళకు వీణ్ణి ఎండలోకి ఎత్తుకుపోయేవాళ్లు.

తిరిగొచ్చేటప్పుడు రైలు గేటు పడింది. బండి ఆగగానే శ్రీహరి కదిలి, ఏదో గొణిగాడు. సరిగ్గా అప్పుడే వెనక లారీ వాడు గేటు తన కోసమే వేసినట్టు భోంయ్‌మని హారన్ కొట్టాడు. దశరథం తలుపు తీసుకుని, నొప్పి నడుముతోనే లారీ దగ్గరికి ఉరికి, పైకి చూస్తూ రెండు చేతులూ జోడించాడు.

"కొట్టకన్నా, నీ కాల్మొక్త. నా కొడుకు పండుకున్నడు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిండు."

లారీ డ్రైవర్ ఆ ముసలాయన మొహంలోకి ఒకసారి చూసి, ఇంజను కూడా ఆపేశాడు.

దశరథం వచ్చి కూర్చున్నాడు కానీ తలుపు వేయలేదు. వేస్తే చప్పుడవుతుందని దాన్ని చేత్తో అలాగే పట్టుకున్నాడు. రైలు ఎంతకూ రాలేదు. చెయ్యి లాగుతోంది, నడుము పీకుతోంది. భార్య వైపు తిరిగి, మెల్లగానే అంటున్నాననుకుంటూ, "గిట్ల ఎన్నేండ్లు పట్టుకున్నవే బాలలక్ష్మీ?" అన్నాడు, ఆ కారంతా వినపడేలా.

బాలలక్ష్మి గబుక్కున ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఎత్తలేదు. అది వెనక్కి చాచి కొడుకు భుజం మీద ఉంది.