నలభై మూడు చుక్కలు

రంగన్న బెయిలు మీద బయటికొచ్చిన రోజు, ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో నేను కొట్టి కట్టిన పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద ఇలా ఉంది: "మా ప్రియతమ నాయకుడు రంగన్నకు గన్ స్వాగతం."

ఘన అని కొట్టాలి. గన్ అని పడింది. ఒక్కరోజులో పద్దెనిమిది ఫ్లెక్సీలు కొట్టేవాడికి ఘ ఏదో గ ఏదో ఎలా తెలుస్తుంది!

ఇంకో మాట అయితే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. కానీ రంగన్న లోపలికి పోయిందే తుపాకీ కేసులో. పోలీసులు ఆర్నెల్లు వెతికినా ఆ తుపాకీ దొరకలేదు, అందుకే బెయిలు వచ్చింది.

పార్టీ కుర్రాళ్లు ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి, మీసాలు దువ్వి, ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టారు. పదకొండు నిమిషాలకు కె. నిసా అనే పేరుతో ఒక కామెంటు వచ్చింది.

"*ఘన. గన్ అంటే తుపాకీ."

ముందొక చుక్క, తర్వాత సరైన మాట. నవ్వే బొమ్మ కూడా లేదు. మధ్యాహ్నానికల్లా అవతలి పార్టీవాళ్లు దాన్ని షేర్ చేసి పైన ఒక ముక్క రాశారు: "పోలీసులకు దొరకని తుపాకీ ఫ్లెక్సీలో దొరికింది."

సాయంత్రం నాకు కబురు వచ్చింది.

"బాషా, ఆర్నెల్లు జైల్లో ఉండి వచ్చినా నా పరువు ఇంత పోలేదప్పా," అన్నాడు రంగన్న. అరవలేదు. ఆయన అరిస్తే భయం లేదు, మెల్లగా మాట్లాడితేనే భయం. "ఈ నిసా ఎవురో కనుక్కో. కామెంటు తీసేసి సారీ చెప్పమను. మన పిల్లోళ్లు నీకంటే ముందు కనుక్కున్యారంటే బాగుండదు."

నా పేరు కమాల్ బాషా. కమాల్ డిజిటల్స్ ఓనర్ని, డిజైనర్ని, మేకులు కొట్టేవాణ్ణి కూడా నేనే. మాది దూదేకుల ఇల్లు. పేర్లు సాయిబులవి, ఇంట్లో మాట తెలుగు. ఆ తెలుగు రాయడం దగ్గరే నాకు తంటా.

అంగడికొచ్చి ఇన్‌బాక్స్ తెరిచాను. "మేడమ్ నమస్తె. మీ కామెంటు వల్ల శానా ఇబ్బంది ఐంది. దయ చేసి తీసెయండి."

నిమిషంలో బదులొచ్చింది. "*నమస్తే. *అయింది. *దయచేసి. *తీసేయండి."

ప్రాణం మీదికొచ్చిందిరా దేవుడా అని మొరపెట్టుకుంటే, మార్కులు వేస్తోంది!

"తప్పు కనపడితే ఇన్‌బాక్స్‌లో చెప్పకూడదా? నలుగురిలో పరువు తీయాల్నా?"

"మీరు నలుగురిలో పన్నెండడుగుల తప్పు కట్టొచ్చు. నేను నలుగురిలో ఒక్క చుక్క పెట్టకూడదా?"

"ఒక సారీ చెప్పండి, అయిపోతాది."

"తప్పు మీది, సారీ నాదా?"

ఫోను విసిరికొట్టబోయి ఆగాను. ఫోను నాదే. "మేడమ్, మీరు ఎవురో తెలిస్తే ఈడ మా వాళ్లు ఊరుకోరు. మీ మంచికే చెప్తాండా," అని పంపాను.

ఈసారి బదులు పొడుగ్గా వచ్చింది. "భయపడి కాదు. మీరు మూడు వాక్యాల్లో నాలుగు తప్పులు రాసి కూడా నా మంచి కోరుతున్నారు కాబట్టి తీసేస్తున్నాను. నా పూర్తి పేరు ఖైరున్నీసా. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్‌ని."

మర్నాడు పొద్దున ఆ సంగతే రంగన్నకు చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు.

"తెలుగు టీచరా?" రంగన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయనకు పదోతరగతిలో తెలుగు మూడుసార్లు పోయిందట. చెయ్యి తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది. "వద్దులేప్పా. సారీ వద్దు, ఏం వద్దు. ఇంకమీద కొట్టేముందు ఆ టీచరమ్మకు ఒకసారి చూపించుకో."

చాపాడు మండలాన్ని గడగడలాడించిన మనిషి!

అలా మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఫ్లెక్సీ మేటరు ముందు ఆమెకు పంపాలి. ఆమె ఇన్‌బాక్స్‌లో ఎన్ని చుక్కలైనా పెట్టొచ్చు. నలుగురిలో మాత్రం ఒక్కటి కూడా పెట్టకూడదు. "మాట ఇస్తున్నాను," అని రాసింది.

ఆ తర్వాత నాకు తెల్లారడమే చుక్కలతో తెల్లారేది. పుట్టినరోజులు, సున్తీలు, చెవులు కుట్టే పండగలు, అన్నీ ఆమె చేతుల మీదుగా పోయేవి. పట్టణంలో మా పార్టీ ఫ్లెక్సీలకు తెలుగు బాగుంటుందని పేరు కూడా వచ్చింది. నేను కావాలని తప్పులు రాయడం మొదలుపెట్టాను.

ఆమె వారంలోనే పట్టేసింది. "రంగన్న అనే మాటలో నాలుగు తప్పులు సహజంగా రావు కమాల్ గారూ."

నిజంగా వచ్చే తప్పు ఒక్కటే. మా కీబోర్డులో ఒక కీ అరిగిపోయింది. గట్టిగా రెండుసార్లు నొక్కితేగాని పడదు. దాంతో 'ప్రజలు' అని కొడితే 'పజలు' అయ్యేవాళ్లు.

"ప కింద క్రావడి ఏది?" అని అడిగేది ఆమె.

"అంటే ఏంది మేడమ్?"

"అక్షరం కింద వంకరగా ఉంటుందే, అది."

"ఓ, కొడవలా!"

"కొడవలి కాదు. క్రావడి."

"మా సీమలో కొడవలే మేడమ్."

నవ్వే బొమ్మ వచ్చింది. ఆమె పంపిన మొదటి నవ్వు అది. స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.

ఆగస్టులో వాళ్ల స్కూలు బ్యానర్ కొట్టించారు. మనిషిని పంపితే సరిపోయేది, నేనే చంకన పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. దిగగానే వాన. బస్టాండులో నీలం గొడుగు కింద ఒకమ్మాయి నిలబడి, ఎదురుగా ఉన్న 'టిపిన్ సెంటర్' బోర్డును కోపంగా చూస్తోంది. ఇంకెవరిని అడగాల్సిన పని లేకపోయింది.

"ఫ కదా మేడమ్?" అన్నాను వెనకనుంచి.

తిరిగి చూసింది. వాన ఆమె కళ్లద్దాల మీద చుక్కలు చుక్కలుగా పడి ఉంది. "నేర్చుకున్నారే!" అంది. గొడుగు కొంచెం నావైపు వంచింది. కొంచెమే. నా కుడి భుజం తడవలేదు, ఎడమది కారిపోయింది, బ్యానర్ సగం తడిసింది. నాకైతే ఆ బస్టాండు వదిలి రావాలని లేదు.

ఆమె మాట్లాడుతుంటే పక్కన టీ తాగేవాళ్లు తిరిగి చూశారు. టీవీలో వార్తలు చదివినట్టు ప్రతి అక్షరం కడిగి ఆరేసి ఉంది.

"మీది జమ్మలమడుగేనా?" అన్నాను.

"ఇక్కడే పుట్టాను."

"మరి మాటలు విజయవాడ నుంచి తెప్పించుకున్యారా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గొడుగు నిటారుగా పెట్టి, "బ్యానర్ ఇవ్వండి," అంది.

తిరుగు బస్సులో నాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఎక్కడో తగలకూడని చోట తగిలాను. ఈ పిల్ల లేకపోతే నా బతుకంతా ఇక పజలే.

మాకు ఒక జేజి ఉంది, పేరు ఖమర్‌బీ. నాయనకు అమ్మ, పులివెందుల పక్క పల్లెలో పుట్టిన మనిషి. నోరు తెరిస్తే వినాలనిపిస్తుంది. ఆమె ఫోటో పెట్టి, ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు కింద రాసి, రోజూ ఫేస్‌బుక్‌లో 'జేజి మాట' అని పెట్టేవాణ్ణి. పొద్దుగూకే వేళ జేజికి కామెంట్లు చదివి వినిపించాలి. అదొక సరదా ఆమెకు.

జమ్మలమడుగు పోయొచ్చిన మర్నాడు, ఆమె తప్పిపోబోయిన మేకపిల్లను పట్టుకుని అన్నమాట పెట్టాను: "యాడికి పోతాండావే? మీయమ్మ ఈడనే ఉండాది గదా."

గంటకు కింద ఒక కామెంటు. కె. నిసా.

"*ఎక్కడికి పోతున్నావే? *ఇక్కడే ఉంది కదా."

ఆ తర్వాత ఎవరెవరో దిగారు. ఇదేం తెలుగు అని ఒకడు. ముందు భాష నేర్చుకోండి అని ఒకడు. మేకకు బాగా అర్థమై ఉంటుందిలే అని ఇంకొకడు. నవ్వే బొమ్మలు రెండొందలు దాటాయి.

"ఏమని రాసినార్రా కమాలూ, ఈ పొద్దు నాకు?" అంది జేజి, కొంగు సర్దుకుని కూర్చుంటూ.

"అందరూ బాగుందన్యారు జేజీ."

"నీ మొగం జూస్తే అట్ల లేదే."

లేచి బయటికొచ్చాను. నాకు జన్మలో అంత కోపం రాలేదు, అంత ఏడుపూ రాలేదు. ఇన్‌బాక్స్‌లో రాశాను: "అది అచ్చుతప్పు కాదు టీచరమ్మా. అది మా జేజి." పంపి, బ్లాక్ చేసేశాను. ఆ వాక్యంలో ఒక్క తప్పు కూడా లేదని తర్వాత గమనించాను.

ఐదు వారాలు చుక్కల్లేకుండా గడిచాయి. రంగన్న మనవరాలి చెవులు కుట్టే పండక్కి 'విందు భోజనం' అని కొట్టబోయి 'మందు భోజనం' అని కొట్టాను. పిలవని మూడొందల మంది వచ్చారు. ఇద్దరు పోలీసులు కూడా వచ్చారు, ఏ మందో కనుక్కుందామని.

"ఏ మందురా అది? తాగేదా, పేలేదా?" అన్నాడు రంగన్న, మళ్లీ ఆ మెల్లని గొంతుతో. "ఆ టీచరమ్మ యాడ పాయె?"

"మాటల్లేవన్నా."

"మేము అవతలి పార్టీవాళ్లతో ముప్పై ఏండ్లు కొట్టుకుని కూడా ఈ మధ్యన కూర్చుని మాట్లాడుకుంటాండాము. మీకేమొచ్చె? పోయి పిలుచుకోని రా. లేకుంటే ఈసారి గన్ స్వాగతం నీకే."

పోవాల్సిన పని లేకపోయింది. ఆదివారం పొద్దున అంగడి షట్టర్ ఎత్తేసరికి, నీలం గొడుగు మెట్ల మీద ఉంది. ఎండ కాస్తున్నా తెచ్చుకుంది.

"ఫ్లెక్సీ కొట్టాల. పన్నెండడుగులు," అంది ఖైరున్నీసా.

కొట్టాల. కొట్టాలి కాదు. నా చెవులను నేనే నమ్మలేదు.

కాగితం చేతికిచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. "ఖమర్‌బీ జేజికి. నీ మాటలో తప్పు ల్యా. తప్పు నాది. నలుగురిలో దిద్దిన్యా, నలుగురిలోనే అడుగుతాండా. నన్ను మన్నించు. ఖైరున్నీసా, తెలుగు టీచరు, జమ్మలమడుగు."

రెండుసార్లు చదివాను. "మేటర్‌లో శానా తప్పులుండాయి మేడమ్. దిద్దాల్నా?" అన్నాను.

"ఒక్కక్షరం మార్చినావంటే ఈ గొడుగుతో కొడతా."

అని, స్టూలు మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది. "బి.ఎడ్.కి విజయవాడ పక్కకు పోయి చేరిన్యా. మొదటిరోజు క్లాసులో లేసి, 'సార్, నేను ఆడ కూర్చుంటా' అన్యా. అంతే, ఏడాదంతా నన్ను 'ఆడ ఖైరున్నీసా' అని పిలిచినారు. అప్పట్నించి నా నోరు నేనే దిద్దుకుంటాండా. ఇంట్లో మాయమ్మతో కూడా అట్లే మాట్లాడితి. ఆ రోజు మీ జేజి మాట చూస్తే, వాళ్లు మళ్లీ నన్ను చూసి నగినట్లు అయింది. చెయ్యి ఆగలా."

"ఇన్‌బాక్స్‌లో చెప్పింటే..."

"నువ్వు తలుపేసినావు గదప్పా! అయినా నలుగురిలో పెట్టిన చుక్కకు ఇన్‌బాక్స్‌లో సారీ చెల్లదు."

కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె మేటరంతా కొట్టాను. ఒక్కో అక్షరం చూసుకుంటూ, ఉన్నదున్నట్టు. చివర చోటు మిగిలింది. ఆగకుండా ఇంకో వాక్యం కొట్టాను.

"నేను నిన్ను పేమిస్తాండా."

వెనకాల స్టూలు కిర్రుమంది. ఆమె వచ్చి నా భుజం పక్కన వంగి తెర చూసింది. కళ్లద్దాలు పైకి తోసుకుని ఇంకోసారి చదివింది.

"ప కింద కొడవలి యాడ?" అంది.

"ఆ కీ పడదు. తెలుసు గదా నీకు."

నా చేతిని పక్కకు తోసింది. ముందు ఒక చుక్క పెట్టింది. అరిగిపోయిన కీని గట్టిగా రెండుసార్లు నొక్కింది. నా వాక్యం కింద ఒకే ఒక మాట పడింది.

"*ప్రేమిస్తాండా."

కొడవలి పెట్టింది. తాండా జోలికి పోలేదు.

"ఇది కరెక్షనా, ఆన్సరా?" అని అడిగాను.

"రెండూ."

ఆ రెండు లైన్లూ తీసేసి మిగతాది ప్రింటు కొట్టాం. సాయంత్రానికి మా వీధి మొగదల ఆ పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టాను. జేజిని కుర్చీ వేసి ఎదురుగా కూర్చోబెట్టి చదివాను. నాలుగుసార్లు చదివించుకుంది. ఖైరున్నీసా పక్కన తల వంచుకుని నిలబడి ఉంది.

"'తప్పు ల్యా' అని రాసిందా? 'లేదు' అని కాకుండా?"

"అవును జేజీ."

"అయితే ఈ పిల్లకు మాట బాగా వచ్చురా. యాడా ఇడిసిపెట్టవాకు," అంది జేజి. ఖైరున్నీసా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, మీయమ్మ యాడుండాదో చెప్పు, నేనే వచ్చి మాట్లాడతా అంది.

నిఖా ఫ్లెక్సీ రంగన్న కట్టించాడు. 'ఘన' అనే మాట తానే దగ్గరుండి కొట్టించాడు. ఘ పడేదాకా కుర్చీలోంచి లేవలేదు. వధువుకు నమస్కారం పెట్టేటప్పుడు మాత్రం ఒక చెయ్యి చెవి మీదే ఉంది.

ఈ కథ రాసి మొదట ఆమెకే చూపించాను. నలభై మూడు చుక్కలు పెట్టింది. జేజి మాటల మీద ఒక్కటి కూడా లేదు. నలభై మూడూ ఇన్‌బాక్స్‌లోనే పెట్టింది.