2.4 గానీ, ఆపైది ఏదైనా గానీ

గాజు అవతల క్లోరిన్ గదిలో ఎర్రదీపం వెలిగింది. ఎవరూ తాకకుండానే వాల్వు తెరుచుకుంటోంది. తలుపులు వాటంతటవే బిగుసుకుపోయాయి. లోపల చిక్కుకున్న షిఫ్ట్ ఇంజనీరు స్వయానా ముంగిస అక్క.

ముంగిస అన్నది గూఢచారి విభాగం అతనికి పెట్టిన ముద్దుపేరు. ఒక విదేశీ ముఠా ఈ మంచినీటి ప్లాంటు కంప్యూటర్లలోకి చొరబడిందని తెలిసి, ఆ విభాగమే అతన్ని ఏసీ మెకానిక్ వేషంలో ఇక్కడికి పంపింది. అక్కకి కూడా ఆ వేషమే తెలుసు.

ఇంటర్‌కమ్ గరగరలాడింది. "ఒరేయ్ తమ్ముడూ, కంట్రోల్ రూమ్‌లో పెద్దవాళ్లెవరూ లేరా?"

"నేను చూస్తున్నానక్కా!"

"ఏసీలు బాగుచేసేవాడివి, నువ్వేం చూస్తావురా!" మాట దగ్గులో మునిగిపోయింది.

చెవిలోని ఇయర్‌పీస్ పలికింది. విభాగం చీఫ్. అందరూ పిలిచే ముద్దుపేరు బాబాయ్. "ముంగిసా, మెషీన్లన్నీ రీస్టార్ట్ చెయ్. ఇంకేదీ ముట్టుకోకు. నెమలి కనిపిస్తే కాల్చెయ్. ద్రోహి అదే."

నెమలి అతని వెనకే నిలబడి ఉంది. ఆకుపచ్చ సిల్కు గౌను, కెంపుల లోలకులు, అతని పిస్టల్‌కి ఎదురుగా పైకెత్తిన చేతులు. ముఠాకీ విభాగానికీ రెండువైపులా పనిచేసే మనిషి. ఎవరికి నిజం చెబుతుందో ఆమెకే తెలియాలి.

"రీస్టార్ట్ చేశావో, మీ అక్క దక్కదు. ముందు ఆ ఫైలు చూడు."

పిస్టల్ ఆమె మీదే ఉంచి అతను స్క్రీన్ చూశాడు. వాల్వులు నడిపే ప్రోగ్రాం ఏ లైబ్రరీ మీద, అంటే ముందే రాసిపెట్టిన ఏ కోడ్ మూట మీద, ఆధారపడుతుందో అక్కడ రాసి ఉంది. ఈ ప్లాంటులో ఎప్పుడూ ఒకే వెర్షన్ కచ్చితంగా రాస్తారు. ఇప్పుడు ఎవరో మార్చేశారు: 2.4 గానీ, ఆపైది ఏదైనా గానీ.

"లైబ్రరీలు దాచే రిపాజిటరీలో 2.9 అని విషపు లైబ్రరీ ఒకటి పెట్టారు," అంది నెమలి. "రీస్టార్ట్ అయిన మెషీన్ అన్నిటికన్నా పెద్ద నంబరు వెతికి తెచ్చుకుంటుంది. ఇందాక ఒక్క మెషీనే రీస్టార్ట్ అయింది, ఒక్క వాల్వే తెరుచుకుంది. అన్నీ అయితే?"

"దాని మాట వినకు! కాల్చు!" చెవిలో బాబాయ్ అరిచాడు.

గాజు అవతల అక్క మోకాళ్ల మీద కూలబడింది.

ముంగిస ఎడమచేత్తో టైపు చేశాడు. 2.4 మాత్రమే. ఆ ఒక్క మెషీన్ రీస్టార్ట్. తెర నల్లబడింది. వాల్వు ఇంకా తిరుగుతోంది... తిరుగుతోంది... ఆగింది. వెనక్కి తిరిగి మూసుకుంది. ఫ్యాన్లు హోరెత్తాయి, తలుపులు తెరుచుకున్నాయి.

అక్క తూలుతూ బయటికొచ్చి అతని భుజం పట్టుకుంది. "ఇంత పని తెలిసినవాడివి, మా ఫ్రిజ్ బాగుచేయమంటే తప్పించుకు తిరుగుతావేంరా!"

ముంగిస అప్పటికే 2.9 లైబ్రరీని మూటగట్టిన జార్ ఫైలు విప్పుతున్నాడు. లైబ్రరీని ప్యాక్ చేసేటప్పుడు, వద్దనకపోతే, ఏ యూజర్ మెషీన్ మీద తయారైందో బిల్డ్ టూల్ దానంతటదే లోపల రాసేస్తుంది. ఇక్కడ ఎవరూ వద్దనలేదు. విభాగం లాప్‌టాప్‌లలో యూజర్ పేరంటే ముద్దుపేరే.

ఆ పేరు చూసి అతను పిస్టల్ దించాడు.

"ఏమైందిరా? నెమలిని కాల్చావా?" చెవిలో బాబాయ్ గొంతు.

"లేదు. 2.9ని తయారుచేసినవాడు దొరికాడు."

"ఎవడు?"

"ఆఫీసు లాప్‌టాప్ మీద సొంత పనులు చేసుకోవద్దని మా అందరికీ రూల్ పెట్టింది మీరే కదా... బాబాయ్!"