ఇంజను ఆగిన మలుపు

పాలకాయతిప్ప రోడ్డులో చవుడు బీడు దగ్గర ఒక మలుపు ఉంది చూశారూ... చీకటి పడితే అక్కడ ఎవరూ బండి కూడా ఆపరు. హెలికాప్టర్ దెయ్యం ఉందట.

నవ్వకండి. నిరుడు ఒక శిక్షణ హెలికాప్టర్ అక్కడే కూలింది. గాల్లో ఇంజను ఆగిపోతే ఎలా దించాలో నేర్పడానికి కావాలనే ఇంజను ఆపేస్తారట. ఆపారు. దించారు కూడా — కాకపోతే తలకిందులుగా. లోపలున్న ఇద్దరూ బట్టలు దులుపుకుని, రోడ్డు పక్కన షీబా గారి కొట్లో సోడా తాగి వెళ్లారు. ఒక్క ప్రాణం పోలేదు. చచ్చినవాడే లేకుండా దెయ్యాన్ని పుట్టించిన ఘనత మాత్రం మా దివిసీమదే.

దానికి రూల్సు కూడా ఉన్నాయండోయ్. ముందు చప్పుడు వినిపిస్తుంది. తర్వాత ఆగిపోతుంది. ఆగిందంటే నీ నెత్తినే దిగుతోందని అర్థం. బోర్లా పడుకోవాలి, తెల్లారేదాకా లేవకూడదు. లైటు వెయ్యకూడదు — వెలుగు చూసుకుని దిగుతుందట. పైలట్ పరీక్షకు కూడా ఇన్ని ఉండవేమో.

నేను బందరు నుంచి రొయ్యల చెరువులకు ఐసు తోలుతుంటాను. ఈ సంగతి సగం అబ్బులు చెప్పాడు, సగం వాళ్లావిడ దీవెన చెప్పింది.

అబ్బులు ఆ మలుపుకి అవతల చెరువు కౌలుకు చేస్తున్నాడు. మొదటి పంట వైరస్‌కి పోయింది. రెండో పంట ఇంకో వారంలో పట్టాలి, ఇల్లు గడవడానికి అదే ఆధారం. ఆ రాత్రి కరెంటు పోయింది. కరెంటు పోతే నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతాయి, రొయ్యలకు ఊపిరాడదు. జనరేటర్ ఉంది. అందులో డీజిల్ లేదు — రేపు తెద్దాంలే అని మూడు రోజులుగా వాయిదా వేస్తున్నాడు మహానుభావుడు.

"నేను చెరువు దగ్గరుంటాను... త్వరగా వచ్చెయ్యండి," అంది దీవెన.

కోడూరు వెళ్లి, బంకు వాణ్ణి నిద్రలేపి, క్యాను నింపుకుని తిరిగొచ్చాడు. మలుపు కనపడగానే హెడ్‌లైటు ఆర్పాడు. ఫోన్ స్విచాఫ్ చేశాడు. చప్పుడు చేస్తే దాన్ని పిలిచినట్టేనని ఇంజను కూడా ఆపేసి, బండి తోసుకుంటూ నడిచాడు. చీకటి... సముద్రం మీది గాలి... ఇంకో అర కిలోమీటరు నడిస్తే చెరువు.

అప్పుడు వినిపించింది.

డబ డబ డబ డబ...

ఎటునుంచో తెలియడం లేదు. గాలి ఒకసారి దగ్గరికి తెస్తోంది, ఒకసారి దూరంగా తీసుకుపోతోంది.

"ప్రభువా..." అన్నాడు అబ్బులు, తనకే వినపడనంత మెల్లగా. ఇంకో రెండడుగులు వేశాడు.

డబ డబ... డబ...

ఆగిపోయింది.

బండి వదిలేసి బోర్లా పడిపోయాడు. క్యాను మాత్రం ఒలక్కుండా పక్కన నిలబెట్టుకున్నాడు, జాగ్రత్త గల మనిషి. మొహం బురదలో, వీపంతా దోమలు. రూలు ప్రకారం కదల్లేదు. ఈ క్రమశిక్షణే బళ్లో చూపించి ఉంటే ఈపాటికి వాడే పైలట్ అయ్యేవాడు.

తెల్లారింది. నెత్తిన ఏదీ దిగలేదు. ప్రాణాలతో బయటపడ్డానని స్తోత్రం చెప్పుకుని, బండి స్టార్ట్ చేసి చెరువుకి వెళ్లాడు.

గట్టు పొడుగునా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. దీవెన గట్టు మీద కూర్చుని ఉంది. చేతులకి, కొంగుకి నల్లటి మడ్డి. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"ఖాళీ డీజిల్ పీపా వంచి, అడుగున ఉన్న మడ్డి డీజిల్ కొంగుతో వడకట్టి పోశాను," అంది. "పావుగంట తిరిగింది జనరేటర్. ఫోన్ కలవకపోతే పోనీ... ఆ చప్పుడైనా వినపడలేదా మీకు?"

అబ్బులు నిండు క్యాను కింద పెట్టాడు.

"వినపడింది," అన్నాడు. "ఆగిపోవడం కూడా వినపడింది."