ఖాళీ మీట

పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే అద్దంలో ఎర్రటి అక్షరాలు వెలిగాయి. ఆ రోజుల్లో ప్రభుత్వం ఏది చెప్పాలన్నా అద్దంలోనే చెప్పేది, చదవలేదని బుకాయించడానికి వీల్లేకుండా. శుక్రవారం ఒక ఖైదీకి మరణశిక్ష అమలుచెయ్యడానికి లాటరీలో తీసిన పన్నెండుమంది పౌరుల్లో డాక్టర్ ఇందుజ పేరు వచ్చిందట. నోట్లో నురగ అలాగే ఉండగా ఆవిడ నిలబడిపోయింది. ఆ శిక్షను అమలుచేసే యంత్రాన్ని తయారుచేసింది ఆవిడే.

అమెరికాలో అదొక పడమటి రాష్ట్రం. పేరెందుకులెండి. మనుషుల్ని చట్టప్రకారం చంపడంలో దానికి పెద్ద చరిత్రే ఉంది. మొదట ఉరితాడు, తర్వాత తుపాకులు, విషపు సూది, చివరికి ఊపిరాడనివ్వని నైట్రోజన్ గది. పద్ధతి మారినప్పుడల్లా ఇప్పటికి నాగరికంగా ఉందని పెద్దలు తృప్తిపడేవారు. ఎన్ని మారినా ఎవరో ఒకరు చేతులారా ఆ పని చెయ్యక తప్పేది కాదు. ఇరవై రెండో శతాబ్దం దగ్గరపడేసరికి ఆ ఒక్కరు దొరకడం మానేశారు. జైలు ఉద్యోగులు రాజీనామాలిచ్చారు, డాక్టర్లు మొహం చాటేశారు. పోనీ రోబోలకు అప్పగిద్దామంటే, మనిషి ప్రాణం మనిషి చేతిమీదుగానే పోవాలని కోర్టు మొట్టికాయ వేసింది.

అప్పుడు యంత్రాలు రూపొందించే ఇందుజకు పాత తుపాకుల పద్ధతి గుర్తొచ్చింది. ఐదుగురు కాలుస్తారు, వాళ్ల తుపాకుల్లో ఒకదాంట్లో గుండు ఉండదు. అది ఎవరి చేతిలో ఉందో చెప్పరు. ప్రతివాడూ నాదే ఖాళీది అనుకుని ఇంటికెళ్లి భోంచేసేవాడు. ఆ ఆలోచనను తిరగేసి ఆవిడ ‘భారవిభాజని’ని తయారుచేసింది. పన్నెండుమందికి పన్నెండు మీటలు. పదకొండు ఖాళీవి, ఒక్కటే అసలుది. అది ఏదో ఆ క్షణంలో ఒక క్వాంటమ్ చిప్ తేల్చి, మరుక్షణం తనే మరిచిపోతుంది. అక్కడి తెలుగు పత్రికలు దీనికి ‘పాపాల పంపకం పెట్టె’ అని పేరు పెట్టి కొన్నాళ్లు నవ్వుకున్నాయి.

ఇది లోకానికి తెలిసిన సంగతి. తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ యంత్రంలో ఖాళీ మీట అనేది ఒక్కటీ లేదు. పన్నెండూ అసలువే. పన్నెండూ పడితేనే వాయువు వదులుతుంది. ఏ ఒక్కరు నొక్కకపోయినా సాంకేతిక లోపమని చెప్పి యంత్రం ఆగిపోతుంది. రెండోసారి ప్రయత్నించడానికి ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకోదు కాబట్టి శిక్ష యావజ్జీవమైపోతుంది. పన్నెండుమందిలో ఒక్కరికైనా చెయ్యి రాకుండా ఉంటుందా అని ఇందుజ నమ్మకం. మరణశిక్షను లోపలినుంచే చంపేశానని అప్పట్లో ఎంత పొంగిపోయిందో!

ఏడుగురికి శిక్ష పడింది. ఏడుసార్లూ పన్నెండు మీటలూ పడ్డాయి. తానొక్కడే చెయ్యాల్సి వచ్చినప్పుడు పారిపోయిన మనిషి, పదకొండు ఖాళీవని చెప్పగానే నిక్షేపంగా వచ్చి కూర్చున్నాడు. నిజం చెప్పేద్దామని ఆవిడ ప్రతిసారీ అనుకునేది. చెబితే తను జైలుకు పోతుంది, దీని స్థానంలో ఏ దయా దాచిపెట్టని యంత్రం వస్తుంది. అలా అనుకుని నోరు మూసుకునేది. తిన్నది ఒంటబట్టడం ఎప్పుడో మానేసింది.

ఇప్పుడు వేలు తనది. ఊరికే కూర్చుంటే చాలు, ఒక ప్రాణం నిలుస్తుంది. ఆ వారమంతా ఆవిడ కంటినిండా నిద్రపోయింది.

శుక్రవారం ఉదయం గాజు గోడ ముందు పన్నెండు కుర్చీలు వేశారు. ఇందుజ పక్క కుర్చీలో కూర్మారావు అనే పెద్దాయన కూర్చున్నాడు. పలాస వైపు మనిషి, వయసులో ఇక్కడికొచ్చి జీవితమంతా లారీలు తోలాడు. ఈ పెట్టె కట్టింది పక్కనున్న ఈ తెలుగావిడేనని తెలిసి, మన పిల్లేనంటూ చుట్టుపక్కల కుర్చీలవాళ్లకు గర్వంగా చెప్పుకున్నాడు.

గాజుకు అవతల లూథర్ కోబ్‌ను పడుకోబెట్టి పట్టీలు బిగించారు. అరవై దాటిన మనిషి. వయసులో ఉండగా దొంగతనానికి వెళ్లి ఒక దుకాణం గుమస్తాను కాల్చి చంపాడు. అందులో అనుమానమేమీ లేదు, అతనే ఒప్పుకున్నాడు. జలుబు చేసినట్టుంది, ఉన్నట్టుండి పెద్దగా తుమ్మాడు. అలవాటు కొద్దీ నలుగురైదుగురు ‘గాడ్ బ్లెస్ యూ’ అన్నారు. కూర్మారావు ‘చిరంజీవ’ అని నాలిక కరుచుకున్నాడు. కోబ్ అందరికీ థాంక్స్ చెప్పాడు.

చెవిలో యంత్రం ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడింది. “మిత్రులారా, పదకొండు మీటలు ఖాళీవి. అసలుది ఏదో నాకూ తెలియదు. ఒక నిమిషంలోగా నొక్కండి.” ఆ మాటలు రాసింది ఇందుజే.

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు తట్టింది అసలు సంగతి. యంత్రం ఆగితే విచారణ జరుగుతుంది. మీట నొక్కనిది ఎవరంటే, యంత్రం కట్టినావిడే. ఆ రెండూ కలిపి చూడటానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. పెట్టె విప్పుతారు, దాచిన దయ బయటపడుతుంది, తర్వాత వచ్చేవాళ్లెవరికీ ఆ దారి ఉండదు. పైగా ఈ కోబ్ నిర్దోషి కూడా కాదు. ఇంకా పదకొండుమంది ఉన్నారు, వాళ్లలో ఎవరు నొక్కకపోయినా అనుమానం తనమీదికి రాదు. వాళ్లదాకా ఎందుకు, పక్కనున్న ఈ పెద్దాయన చావబోయేవాణ్ణి చిరంజీవ అని దీవించాడు. ఈయన చచ్చినా నొక్కడు. ఆ ధైర్యంతో ఇందుజ తన మీట నొక్కేసింది.

కొద్దిసేపటికి పచ్చదీపం వెలిగింది. కోబ్ తల పక్కకు వాలింది.

తర్వాత అందరినీ కాఫీ గదిలోకి పంపారు. ఒకాయన ట్రాఫిక్‌ను తిడుతున్నాడు, ఇంకొకావిడ కేకు చాలా బాగుందంటోంది. ఎవరి మొహంలోనూ బరువు లేదు. యంత్రం బాగా పనిచేసిందనే చెప్పాలి. ఇందుజ ఒక మూలకు వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. కూర్మారావు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ఇంకా కాఫీ ముట్టలేదు.

“అమ్మా, కట్టిన మనిషివి, నీకు తెలుస్తాది. నాది ఖాళీదేనా?”

నిజం చెబితే ఈ మనిషి తట్టుకోలేడనుకుంది ఆవిడ. తనకోసం ఆడిన అబద్ధాలు ఎలాగూ ఉన్నాయి, ఇది ఆయనకోసం.

“ఖాళీదే, బాబాయ్ గారూ.”

ఆయన కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. కాస్త తేరుకున్నాక కాఫీ అందుకున్నాడు.

“బతికించినావు తల్లీ. నానైతే నొక్కకూడదనే కూకున్నాను. ఏలు ఎత్తీసినాను కూడాను. ఇంతలో నీ కేసి సూసినాను, నువ్వు నొక్కినావు. కట్టిన మనిషే నొక్కింది, నాకన్నా తనకి తెలీదేటి అనీసి నానూ నొక్కీసినాను.” ఒక గుక్క తాగి తేలిగ్గా ఊపిరి వదిలాడు. “నాది ఖాళీదే అయినప్పుడు ఎత్తినా నొక్కినా ఒకటే గదమ్మా?”

అవునని ఇందుజ తల ఊపింది.