రెప్ప వెయ్యనివాళ్ళు

ప్రష్యా సరిహద్దులోని నైసె కోటలో, బట్టలుతికే గదిలో ఒక సిపాయి శవం దొరికింది. మెడకు తాడు బిగిసి ఉంది. ఒంటిమీద యూనిఫాం లేదు.

"అది తొడుక్కున్న ఆస్ట్రియా గూఢచారి ఇవాళ మందుగుండు కొట్టు దగ్గర కాపలాలో ఉన్నాడు. అంతా నిన్న దిగిన కొత్త దళం. ఒకడి మొహం ఒకడికి తెలీదు," అన్నాడు జనరల్ బోర్న్‌షెట్.

"అందర్నీ కట్టిపడేస్తే?" అన్నాడు కెప్టెన్ యోబ్స్ట్ ఫొన్ రెడెల్.

"చేతిబాంబుల దళమయ్యా! ప్రతివాడి గుండెమీదా, బాంబు అంటించే నిప్పువత్తి దాచే ఇత్తడి గొట్టముంటుంది. కొట్టు దగ్గర ఆర్పి ఉంచాలని రూలు. వాడు ఆర్పి ఉండడు. మనం అటు పరిగెడితే చాలు, లోపలికి విసిరేస్తాడు. నీ ఇల్లు ఆ గోడ పక్కనే కదూ?"

రెడెల్ తలూపాడు. ఇంట్లో భార్య, ఆరేళ్ళ కూతురు లీజా. వాళ్ళను కదిలిస్తే కాపలావాడి కంట పడుతుంది.

విగ్గులు దువ్వే మంగలి వేషంలో అతను బారనెస్ సిడోనియా ఇంటికి వెళ్ళాడు. ప్రష్యాకూ ఆస్ట్రియాకూ ఒకే నవ్వు నవ్వే డబుల్ ఏజెంట్ ఆవిడ.

"తెల్ల పౌడరు అయిపోయిందమ్మా." అది కోడ్.

"బూడిదరంగు వెయ్యి," అని తలుపు మూసింది. "మధ్యాహ్నం గంట మోగగానే పేలుస్తారు."

"ఎవడు?"

"మొహం చూళ్ళేదు, ఒట్టు. గొప్పింటి బిడ్డట. పుట్టాక వాడిమీద ఎవరూ చెయ్యెత్తలేదట. మీవాళ్ళలా కాదులే!"

ఆ ఎత్తిపొడుపు అతనికి దారి చూపింది.

యూనిఫాం మార్చుకుని, బెత్తం పుచ్చుకుని, రోజూ వచ్చే అధికారిలాగే తనిఖీకి వచ్చాడు. అధికారి బెత్తమెత్తితే సిపాయి రెప్ప వెయ్యకూడదు. వేస్తే దెబ్బలు రెట్టింపు. పదిహేనో ఏట సైన్యంలో చేరిన రెడెల్ ఆ దెబ్బలు తిన్నాడు, తర్వాత పాతికేళ్ళూ కొట్టాడు.

"గుండీకి మురికేంట్రా?" మొదటివాడి చెంప చిట్లింది. వాడు కదల్లేదు. రెండోవాడూ అంతే. ఒక్కొక్కరినే కొట్టుకుంటూ పోయాడు. గోడ అవతల లీజా పాట వినిపిస్తోంది. గంట మోగడం మొదలైంది.

చివర్నించి మూడోవాడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇద్దరి చూపులూ కలిశాయి. వాడు గొట్టంలోంచి వత్తి లాగి కొట్టు కిటికీలోకి విసిరాడు. రెడెల్ ఎగిరి గుప్పిట్లో పట్టాడు. అరచెయ్యి చుర్రుమని కాలింది. మిగతా సిపాయిలు కొయ్యబొమ్మల్లా నిలబడే ఉన్నారు. ఆర్డర్ రాలేదు మరి!

"పట్టుకోండ్రా, గాడిదల్లారా!" అని అరిచాకే కదిలారు.

సాయంత్రం జనరల్ బీరు పోస్తూ, "నీ బెత్తానికి పతకం వెయ్యాలయ్యా," అన్నాడు. రెడెల్ నవ్వాడు.

ఇంటికి వెళ్ళేసరికి లీజా గుమ్మంలో ఉంది. బతికి ఉంది. అతనికి ఏడుపొచ్చింది. తల నిమురుదామని కట్టు కట్టిన చెయ్యి పైకెత్తాడు.

పిల్ల నిటారుగా నిలబడింది. రెప్ప వెయ్యలేదు.

సందేహం లేదు, అచ్చంగా మనవాళ్ళ పిల్లే.